మానిన పగులుకు సాక్ష్యం

"అల్లుడూ! ఎవరో ఆడమనిషి! కారు ముందద్దం మీద పొగలట! గంటగంటకీ పెరుగుతున్నాయట! ఉన్నపళంగా రమ్మంటోంది!"

అత్తగారు ఫోనును చెవికి మూరెడు దూరాన పట్టుకుని అరిచింది, అటునుంచి నిప్పురవ్వ ఎగిరొస్తుందేమోనన్నట్టు. అద్దాలాయన సగం గీసిన గడ్డంతోనే లేచాడు. మెట్ల కింద పక్కింటివాళ్ళ మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంటే చంకన పెట్టుకుని వ్యానెక్కాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప ముళ్ళుగా, డ్రైవింగ్ స్కూలు ఆవరణలో దిగాడు.

కారు చల్లగా నిలబడి ఉంది. పక్కనే డ్రైవింగ్ టీచరమ్మ అంతకంటే చల్లగా నిలబడి ఉంది.

"పొగలేవమ్మా?"

"పొగలేంటండీ? పగులు అన్నాను. రాయి తగిలింది, పగులొచ్చింది, అది పెరుగుతోంది. నేను చెప్పిందేంటి, మీరు తెచ్చిందేంటి?"

"మా అత్తగారికి ఒక చెవి పనిచేస్తుంది, రెండోది సెలవులో ఉంటుంది. మీరు సెలవు చెవికి చెప్పినట్టున్నారు."

టీచరమ్మ నవ్వింది. సిలిండరును వ్యాను వెనక దాచి, రుమాలుతో సబ్బు నురగ తుడుచుకుని, ఆయన అద్దం మీదికి వంగాడు. అపార్థం అంతటితో తీరిపోయింది. అన్నీ అంత తేలిగ్గా తీరితే బీమా కంపెనీలకు అన్ని అంతస్తులెందుకు?

ఆయన సొంతంగా పెట్టుకున్న పనికి ఇదే మొదటి క్లెయిమ్. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక అద్దాల షాపులో చేశాడు. అక్కడ ఓనరుకి ఒకటే సూత్రం: చుక్క పడినా చెక్క పడినా అద్దం మొత్తం మార్చెయ్యాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ అని ఒకసారి అడిగాడు. "గోళ్ళు అమ్మే షాపు పెట్టుకోపో" అన్నాడు ఓనరు. పెట్టుకున్నాడు. పాత వ్యాను, జిగురు ఎక్కించే సూది పంపు, ఆ జిగురును గట్టిపరిచే నీలి దీపం. పిలిస్తే ఇంటి ముందుకే వెళ్ళి పగులు పూడ్చివస్తాడు. ఫోన్లు అత్తగారివి. క్లెయిమ్ కాగితాలు భార్యవి. క్లెయిమ్‌లో సగం క్లేశమే అని ఆయన జోకేస్తే, "మిగతా సగం నేను" అంటుంది ఆవిడ.

మామూలు జనం బీమా కంపెనీ ఎవరిని చూపిస్తే వాళ్ళ దగ్గరికే పోతారు. అందుకని కంపెనీ జాబితాలో పేరుకోసం ఆర్నెల్లు తిరిగాడు. చివరికి ఉత్తరం వచ్చింది. మొదటి క్లెయిమ్ పరీక్షలాంటిది, అది సవ్యంగా గట్టెక్కితే పేరు ఉంటుంది, లేకపోతే మూడేళ్ళదాకా మళ్ళీ అడగకూడదు. మూడేళ్ళు ఊరికే నిలబడితే వ్యానుకు తుప్పు పడుతుంది, ఆయనకు పాత షాపు గతి పడుతుంది. ఆ ఉత్తరాన్ని భార్య వంటింటి అలమారు తలుపుకు అంటించింది. "ఇక మనకి బీమా మీదే ధీమా" అన్నాడాయన, పంచదార డబ్బా తీస్తూ.

పగులు నక్షత్రంలా ఉంది. ఒక కాలు అప్పుడే అంచువైపు నడక మొదలెట్టింది. అంచు దాకా వెళ్ళిందా, ఇక సూదికి లొంగదు. ఎండ తగలకుండా గొడుగు కట్టాడు. పగుల్లో ఇరుక్కున్న గాజు నలుసును సూదిమొనతో ఏరాడు. లోపలి గాలిని లాగేసి, జిగురు బొట్టు బొట్టుగా ఎక్కించి, నీలి దీపం పెట్టి, బ్లేడుతో గీకి, గుడ్డతో రుద్దాడు. ఎంతటి పనివాడు పూడ్చినా ఈగ రెక్కంత మచ్చ మిగులుతుంది. ఆ రోజు అదీ మిగల్లేదు. టీచరమ్మ గోటితో గీసి చూసింది. గోరు జారిపోయింది.

"ఎక్కడండీ పగులు?"

"ఉండేదమ్మా," అన్నాడు, కన్నతండ్రిలా పొంగిపోతూ.

అప్పుడు ఫోటో తీశాడు. కంపెనీ ఉత్తరంలో "ఫోటో జతచేయవలెను" అని ఉంది. దేని ఫోటో అన్నది దాని వెనక పేజీలో ఉంది, వెనక పేజీ అలమారు తలుపుకు అంటుకుపోయి ఉంది. అయినా పద్దెనిమిదేళ్ళ పనివాడికి ఫోటో అంటే పూర్తయిన పని ఫోటోయే. పెళ్ళిచూపులకు పంపే ఫోటో జ్వరంలో ఉన్నప్పుడు తీయించుకుంటారా ఎవరైనా? ఇంటికొచ్చి భార్యకు చూపిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకుంది.

"ఏవండీ, నిజంగా ఏమీ కనబడట్లేదు!"

"అదే మరి!"

ఏమీ కనబడని చోట ఎర్ర సున్నా చుట్టి మరీ పంపింది.

నాలుగో రోజు బీమా కంపెనీ సర్వేయరు డ్రైవింగ్ స్కూలుకు వచ్చాడు. సర్వం ఏరుకుపోయే రకం కాదు పాపం, ఉన్నది చూసి రాసే రకం. చేతిలో టార్చి, భూతద్దం. అద్దాన్ని భూతద్దంతో పావుగంట చూశాడు.

"పగులెక్కడండీ?"

"లేదు సార్. పూడ్చేశాను."

"పూడ్చినట్టు నాకెలా తెలియాలి?"

"తెలియకుండా పూడ్చడమే సార్ ఈ పని."

"తెలియనిది రాయకపోవడం నా పని. ముందు ఫోటో ఏది?"

"ముందుదే సార్, కారు ముందువైపు."

"పూడ్చకముందు ఫోటో నాయనా!"

అద్దాలాయన నోరు తెరిచాడు. అందులోంచి జోకు రాలేదు, అది ఆయనకు కొత్త.

సర్వేయరు మంచివాడే, గొంతు తగ్గించాడు. "చూడండి, రెండు దారులు. దెబ్బకు రుజువు లేదని రాశాననుకోండి, లేని దెబ్బకు క్లెయిమ్ పెట్టినట్టు లెక్క. ఆవిడ పాలసీ రద్దవుతుంది. బీమా లేని బండి మీద నేర్పనివ్వరు, స్కూలు మూతే. రెండోది, మరమ్మతు విఫలమైందని మీరు రాసివ్వండి. విఫలమైందంటే దెబ్బ ఉన్నట్టే కదా. అద్దం మొత్తం మార్చమని రాసేస్తాను. మార్పుకి పాత ఫోటో అక్కర్లేదు."

"బంగారంలాంటి అద్దం సార్."

"కాగితం మీద కాదు."

"మరి జాబితాలో నా పేరు?"

సర్వేయరు పెన్ను మూతకోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. మూత పెన్నుకే ఉంది.

తెరిచిన కిటికీలోంచి టీచరమ్మ గొంతు వినిపిస్తోంది. లోపల పాఠం నడుస్తోంది. ఆమెకున్నది ఆ ఒక్క కారు. గోడమీద స్కూలు పేరు ఆమే రాసుకున్నట్టుంది, చివరి రెండక్షరాలు చోటు చాలక ఒదిగి కూర్చున్నాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి, నడుమ నున్నటి అద్దం. ఆయన కారు బానెట్టు మీద కాగితం పెట్టి రాశాడు: మరమ్మతు నా లోపం వల్ల విఫలమైనది. సంతకం చేస్తూంటే అద్దంలో తన ముఖం కనబడింది, ఎక్కడా చీలిక లేకుండా.

ఇంట్లో చెప్పలేదు. పేరు కొట్టేశామన్న ఉత్తరం వచ్చాక భార్య ఇంకేమీ వేళాకోళం ఆడలేదు. "పాడు చేశారా?" అని మాత్రం అడిగింది. "అయిపోయింది" అన్నాడు. దాన్నే జవాబనుకుంది. టీచరమ్మ ఫోన్ చేసి, "మీ పని మీద నమ్మకంతో నలుగురికి చెప్పానండీ, పైకి కనబడకపోయినా లోపల చెడిందట కదా!" అంది. అత్తగారు ఈసారి మంచి చెవితోనే విని, ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది.

మార్పు పని కంపెనీ పాత ఓనరు షాపుకే రాసింది. విఫలమైనవాడు దగ్గరుండి అప్పగింత సంతకం పెట్టాలట. ఫైలు పట్టుకుని భార్య, "ఫోను ఎత్తింది నేను కదా, నేనూ వస్తాను" అంటూ అత్తగారు, ముగ్గురూ వెళ్ళారు. టీచరమ్మ కారుతో ముందే వచ్చి ఉంది.

"రావయ్యా, మరమ్మతుల మారాజా!" అన్నాడు ఓనరు కుర్చీలోంచి లేవకుండా. "మూణ్ణాళ్ళ ముచ్చటయిందట! నీ పాత కోటు మేకుకే ఉంది, చిమటలు కూడా తినలేదు."

మేస్త్రీ అద్దాన్ని చట్రంలోంచి కోసి తీసే తీగ రంపం పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అన్నా, దెబ్బ ఎక్కడ? అటువైపునుంచి మొదలెడదామంటే కనబడదే."

ఓనరు లేచొచ్చి చూశాడు. టీచరమ్మ వంగి చూసింది. భార్య కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, అద్దం మీద అరచేయి పెట్టి మెల్లగా రాసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఏవండీ. ఇది విఫలం కాదు కదా?"

"కాదు."

"మరి ఎందుకు రాశారు?"

అప్పుడు చెప్పాడు. తలుపుకు అంటుకున్న వెనక పేజీ సంగతి, ఎర్ర సున్నా సంగతి, సర్వేయరు చూపిన రెండు దారులు, ఒకదాంట్లో స్కూలు మూత, ఒకదాంట్లో తన పేరు. బల్లమీద పనిముట్లు పరిచినట్టు వరసగా చెప్పాడు. ఒక్క మాట విరుపు లేదు, ఒక్క జోకు లేదు. అత్తగారు రెండు చెవులూ అటే పెట్టింది.

భార్య ఫైలును గుండెకు అదుముకుంది. "ఆ ఫోటో పంపింది నేనండీ" అంది.

టీచరమ్మ ముఖం ఎర్రబడింది. "ఒక్క మాట నాతో అనుంటే..."

"అంటే మీరు ఒద్దనేవారమ్మా."

టీచరమ్మ తన ఒక్క కారు వైపు చూసింది. రోజూ పాఠం చెప్పేది కదా, అబద్ధం నోటికి రాలేదు. "అనేదాన్ని కాదేమో" అంది.

ఓనరు అద్దాన్ని వేలి కణుపుతో తట్టాడు. గణగణమంది. పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చూడని చూపు ఒకటి ఆయన కళ్ళలో కదిలి, వెంటనే కూర్చుంది.

"అంటే అద్దం మంచిదే?"

"మంచిదే."

"మార్చమని కంపెనీ కాగితం వచ్చేసిందిగా" అన్నాడు ఓనరు, మేస్త్రీకి సైగ చేస్తూ.

అందరికీ అర్థమైంది. మేస్త్రీ అద్దం కొయ్యడం మొదలుపెట్టాడు.