ముందు నా గిన్నె

తూనికరాళ్ళను ఒక్కొక్కటిగా పాతగుడ్డ పీలికల్లో చుట్టి సంచిలో పేర్చుకుంటోంది జయమణి. చుట్టకపోతే నడిచేటప్పుడు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. ఆ మోత వినబడితే చాలు, "అదుగో, తూచే మనిషి వస్తోంది" అంటారు ఆడవాళ్ళు. అన్నారంటే ఆ పూట వంట మారిపోయినట్టే. ఉన్నవాళ్ళు గొప్పకు నాలుగు కూరలు చేస్తారు. లేనివాళ్ళు పరువు పోతుందని పక్కింట్లో కందిపప్పు చేబదులు తెచ్చి ఎసట్లో పోస్తారు. ఆమెను పంపే సర్వే డాక్టర్లకు కావలసింది చుట్టం వచ్చిననాటి తిండి కాదు, రోజూ తినే తిండి. అందుకే రాళ్ళకు గుడ్డలు చుట్టడం ఆమె తనంతట తాను పెట్టుకున్న అలవాటు.

పైన త్రాసు కూడా పెట్టి, సంచి ఎడమ భుజానికి తగిలించుకోబోయి ఆగింది. రెండు మూడు రోజులుగా ఆ చెయ్యి భుజం దగ్గర్నుంచి చిటికెనవేలి దాకా లాగుతోంది. "ఈ రాళ్ళ బరువు ఊరికే పోతుందా" అనుకుని సంచిని కుడివైపుకు మార్చుకుంది. పొట్టి మనిషి. చెంపల దగ్గర నెరిసిన జుట్టును తడిచేత్తో అదిమి దువ్వుకుని, తెల్లచీర కొంగు నడుంలో దోపుకుంటే నడివయసు దాటిన మనిషని ఎవరూ అనుకోరు. మిషనరీ ఆస్పత్రిలో ఆయాగా చేసినన్నాళ్ళూ అలవాటైన శుభ్రం అది.

చివరగా గూట్లోంచి సత్తుగిన్నె తీసింది. అందులో జొన్నన్నం, ఓ పక్కన గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ. మూతపెట్టి గుడ్డ కట్టింది. ఆ గిన్నె ఆమె భర్త శాంతయ్యది. జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీకి రోజూ అందులోనే అన్నం పట్టుకెళ్ళేవాడు. గునపంతో బండలు పెళ్ళగించే మనిషి. ఒకనాడు పొద్దున "ఛాతీలో ఏదో పట్టేసినట్టుందే, వాయువు కాబోలు" అంటూనే పనికి వెళ్ళాడు. ఎండెక్కేసరికి నలుగురు మోసుకొచ్చారు. ఆయన పడ్డప్పుడు రాతికి కొట్టుకుని గిన్నె అంచున పడిన సొట్ట అలాగే ఉంది. దాన్ని సరిచేయించాలని జయమణికి ఏనాడూ అనిపించలేదు.

మెడికల్ కాలేజీ వాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గుండె సర్వే మొదలుపెట్టినప్పుడు పనికి రమ్మంటే, ఆమె అడిగింది ఒక్కటే మాట. "ఒళ్ళొంచి కష్టం చేసేవాడికి ఆ జబ్బు ఎందుకొచ్చిందండి?"

డాక్టర్ రామచంద్రమూర్తి చిన్నవాడు. తెలిసినట్టు మాట్లాడలేదు. "తెలియదమ్మా. ఎవరేం తింటున్నారు, ఎంత కష్టపడుతున్నారు, ఎవరి గుండె ఎలా ఉంది, ఈ మూడూ కలిపి చూస్తేగాని తెలియదు. అందుకే ఈ సర్వే," అన్నాడు. ఆ జవాబు ఆమెకు నచ్చింది. నాటినుంచీ ఎండనక వాననక తిరుగుతూనే ఉంది.

చిల్లకల్లు దగ్గర బస్సు దిగి, మిరపచేల మధ్య బండిబాట పట్టింది. మామూలుగా ఒక్క బిగిన నడిచే దారి. ఇవాళ తుమ్మచెట్టు కింద ఒకసారి, కల్వర్టు మీద ఒకసారి కూర్చుంది. కూర్చున్నా మనసు నిలవలేదు. నందిగామ సమితి ఆఫీసులో పెట్టిన గుండె గ్రాఫు మిషను రేపు తిరిగి కాలేజీకి వెళ్ళిపోతుంది. ఈలోగా, ఇవాళ ఊళ్ళోకి వచ్చే సర్వే జీపులో వీరరాఘవయ్యగారిని అక్కడికి చేర్చాలి. ఆ ఇంటివాళ్ళేమో ఆమెను చూస్తేనే తలుపేస్తున్నారు.

వీరరాఘవయ్య ఊళ్ళో పెద్దరైతు. మొన్నమొన్నటిదాకా తెల్లవారుజామున మోట తోలి, ఎడ్ల వెంట వెనకడుగులు ముందడుగులు వేస్తూ మిరపతోట తడిపిన మనిషి. ఆయిల్ ఇంజను కొన్నాక మోట మూలపడింది, ఆయన పనిలేక మంచమెక్కాడు. చేసే పని తగ్గింది గాని పెరుగన్నంలో మీగడ తగ్గలేదు, ముద్దపప్పులో నెయ్యి తగ్గలేదు. పోయిన నెలలో జయమణి ఆ ఇంట్లో తిండి తూచి వెళ్ళింది. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆయనకు ఛాతీలో పట్టేసింది. ఆయన అక్క బసవమ్మ వెంటనే తేల్చేసింది. కొలుచుకు తింటాం గాని తూచుకు తింటామా? తినే కూడు తూచితే దిష్టి తగలక ఏమవుతుంది?

జయమణి దొడ్డిగుమ్మం నుంచి వెళ్ళింది. వీరరాఘవయ్య భార్య రాఘవమ్మ, బసవమ్మ చావిట్లో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడాలు తీస్తున్నారు. చావిడి దాటి వంటింటివైపు జయమణి అడుగుపెట్టకూడదు. అది ఆమెకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. రాశికి ఈ చివర గొంతుక్కూచుని, పిలవకపోయినా తానూ తొడాలు తీయడం మొదలుపెట్టింది.

"మళ్ళీ ఎందుకొచ్చావే?" అంది రాఘవమ్మ తలెత్తకుండానే.

"దాహమేసిందండమ్మా. మీ బావినీళ్ళు గుర్తొచ్చినయ్యి."

"నీ నోరు మంచిదేలే. నీ త్రాసే మంచిది కాదు."

బసవమ్మ అందుకుంది. "నువ్విట్టా తూచి అట్టా గడప దాటావో లేదో, మా తమ్ముడు మంచం పట్టాడు. మళ్ళీ ఏం పెట్టుకొచ్చావు ఆ సంచిలో?"

"రాళ్ళేనండి బసవమ్మగారూ. మీ నాలిక కంటే మెత్తనివే."

రాఘవమ్మకు నవ్వొచ్చి ఆపుకుంది. బసవమ్మ మిరపకాయ విసిరేసింది. "దీని పొగరు చూడు!"

ఘాటుకు ముగ్గురూ తుమ్మారు. లోపలి వసారాలో మంచం కిర్రుమంది. వీరరాఘవయ్య త్రేన్పు తెప్పించుకోవాలని అవస్థపడుతున్న చప్పుడు. జయమణి చేతులు ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆమె ఎరిగిందే. క్వారీకి వెళ్ళిన ఆ పొద్దున శాంతయ్య కూడా గోడకానుకుని అలాగే అవస్థపడ్డాడు.

లేచి నిలబడింది. చావిడి దూలానికి ఎప్పటి కొక్కెం ఉంది, దానికి త్రాసు తగిలించింది. ఒక తట్టలో తన సత్తుగిన్నె పెట్టి, గుడ్డవిప్పిన రాళ్ళు చాపమీద వరసగా పేర్చి, నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"ముందు నా గిన్నె తూచండమ్మా. మీ చేత్తోనే రాళ్ళెయ్యండి. తూచిన కూడే మీ కళ్ళముందు తింటా. దిష్టంటూ ఉంటే ముందు నాకే తగులుద్ది గదా. నాకేమన్నా అయితే ఈ సంచి మీ బావిలో పడెయ్యండి."

"ఓసినీ!" అంది బసవమ్మ.

రాఘవమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచి వచ్చింది. గిన్నె తనకు తగలకుండా, రెండో తట్టలో మొదటి రాయి పెడుతూ అలవాటు కొద్దీ "లాభం" అంది. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టే ఇల్లు అది. ముల్లు నిలబడింది.

జయమణి గిన్నె తీసుకుని మెట్టుమీద కూర్చుంది. తలొంచి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి ప్రార్థన చేసుకుంది. ఒక్కో ముద్దా గోంగూర అద్దుకుని తింది. ఇవాళ తినాలనిపించలేదు, ముద్ద గొంతు దిగలేదు, చల్లటి చెమట పట్టింది. అయినా గిన్నె అడుగు కనపడేదాకా తింది. మెతుకు మిగిలితే వాళ్ళకు అనుమానం మిగులుతుంది.

"దీనికి అరిగింది. నాకే అరగదు," అన్నాడు గుమ్మంలో నిలబడి వీరరాఘవయ్య. పెద్ద మనిషి, మొహం మాత్రం బూడిద రాసినట్టుంది.

"అయ్యగారూ, పట్టేసినప్పుడు ఎడంచేతిలోకి గుంజుద్దాండి?" అడిగింది జయమణి. అడుగుతూ తన ఎడమచేతిని కుడిచేత్తో నిమురుకుంటోంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పారు?"

"డాక్టరుగారు అందర్నీ అడుగుతారండి, వినీ వినీ వచ్చింది. మా ఆయన కూడా వాయువనే అన్నాడయ్యా. సొంటి నూరి ఇచ్చి నేనే పంపించా. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. మీకు నేను చెబుతున్నా."

రాఘవమ్మ భర్తవైపు ఒకడుగు వేసింది. "ఏవండీ, ఒకసారి..." అని ఆగిపోయింది.

ఆయన మీసం సర్దుకున్నాడు. "ఇంజనుకి బెల్టు తేవాలి. నందిగామ ఎట్టాగూ పోవాల్సిందే. ఆ జీపు ఇటు వస్తే ఎక్కుతా. అంతేగాని ఎవరో చెప్పారని కాదు."

"అంతేనండయ్యా, బెల్టు కోసమే," అంది జయమణి.

జీపు హారన్ విని ఇల్లంతా హడావిడి పడింది. పోయిన నెల తూచడానికి వచ్చినప్పుడు జయమణి బావిదగ్గర తన గిన్నె తోమి తానే తీసుకెళ్ళేది. ఇవాళ కడిగి నీళ్ళోడ్చడానికి దొడ్లో ఓ మూల ఉన్న బండమీద బోర్లించింది. అంతలో రమ్మని కేక. సంచి తీసుకుని పరుగెత్తింది. భర్త వెంట రాఘవమ్మ కూడా జీపెక్కింది. వెనక సీటు ఒక్కటే. జయమణి నించోబోతే రాఘవమ్మ పక్కకు జరిగి, "కూచో. పడి చస్తావు," అంది.

సమితి ఆఫీసు వరండాలో రెండు కొయ్యమెట్లు వేసి ఉన్నాయి. మగవాళ్ళు పంచెలు ఎగగట్టుకుని ఆ మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఆయాసపడుతూ బల్లమీద పడుకుంటే మిషను సన్నటి కాగితం మీద గీతలు గీస్తోంది. ఎదురుచూసేవాళ్ళు ఎక్కేవాళ్ళను ఎకసెక్కాలాడుతున్నారు. "ఏం బాలస్వామీ, తాడిచెట్టు ఎక్కేవాడివి రెండు మెట్లకే రొప్పుతున్నావే!"

వీరరాఘవయ్యను మెట్లెక్కించే ముందే డాక్టరు ఒకసారి కాగితం తీసి చూశాడు. చూసినవాడు మళ్ళీ చూశాడు. "మీరు ఎక్కొద్దు. లేవను కూడా లేవొద్దు," అన్నాడు నెమ్మదిగా. నలుగురూ కలిసి ఆయన్ను లేవనివ్వకుండానే మోసి కాలేజీ వ్యానులో పెట్టారు. బెజవాడ పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చి, తోడు మరో డాక్టరును కూర్చోబెట్టాడు.

వ్యాను కదిలేముందు రాఘవమ్మ తల బయటపెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "జయమణీ, నీ గిన్నె మా ఇంట్లో ఉండిపోయిందే," అంది.

"ఉండనివ్వండమ్మా. వచ్చి తీసుకుంటా."

దుమ్ము సద్దుమణిగేదాకా జయమణి అక్కడే నించుంది. లోపల మిషను మూటగడుతున్నారు. ఆ మిషను మగవాళ్ళకోసం వచ్చింది, ఈ సర్వేలో పేర్లన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళకు తీయాలన్న ఊహ ఎవరికీ రాలేదు, ఆమెకూ రాలేదు. పొద్దు ఇంకా ఉంది, జగ్గయ్యపేట బస్సుకు వేళ కాలేదు. వరండాలోని కొయ్యమెట్లమీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడింది. చెయ్యి ఇంకా లాగుతూనే ఉంది. అయినా మొహంలో బరువేదో దింపుకున్న మనిషి తెరిపి. శాంతయ్యను ఈసారి పనికి వెళ్ళనివ్వలేదు.

కాసేపటికి మెట్లు జీపులో వేయడానికి వచ్చిన మనిషి, "లెగమ్మా జయమణమ్మా," అన్నాడు. రెండోసారి అన్నాడు. డాక్టరును కేకేశాడు. రామచంద్రమూర్తి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. జీపు దిగినప్పటినుంచీ ఆమె ఆ చేతినే నిమురుకుంటూ తిరిగిందన్నది అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. చుట్టూ మూగిన మగవాళ్ళు తలగుడ్డలు తీశారు.

తొలకరి పడ్డాక వీరరాఘవయ్య ఇంటికి తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు గాని నడిచే వచ్చాడు. రోజూ కొంచెం దూరం నడవాలనీ, నెయ్యి మానాలనీ, అన్నం కొలిచి పెట్టాలనీ డాక్టర్లు చెప్పి పంపారు. అప్పటికి జయమణిని జగ్గయ్యపేట చర్చివాళ్ళు శాంతయ్య సమాధి పక్కన పెట్టి చాలా రోజులైంది. గిన్నె పంపుదామంటే తీసుకునేవాళ్ళు లేరు.

"నే చెప్పలా? తూచిన కూడు తింది, దిష్టి దానికే తగిలింది," అంది బసవమ్మ.

రాఘవమ్మ లేచి దొడ్లోకి వెళ్ళింది. బండమీద బోర్లించిన గిన్నె బోర్లించినట్టే ఉంది, వానకు తడిసి, ఎండకు ఎండి. ఒట్టిచేత్తో తీసింది. చింతపండు వేసి తోమింది. చావిడి దాటించి వంటింట్లోకి తెచ్చి, ఎసట్లో పోయడానికి బియ్యపు డబ్బాలో ముంచింది.

"అదేంటే! దాని గిన్నె వంటింట్లోకా?" అంది బసవమ్మ గుమ్మంలో నిలబడిపోయి.

"ఉండనీ వదినా. ఆయనకు ఇకనుంచి కొలగిన్నె ఇదే."

అంచుకు పైగా ఉన్న బియ్యాన్ని చేత్తో చదును చేసి, "లాభం" అంది రాఘవమ్మ.

పొయ్యి పైన గూట్లో తాతలనాటి ఇత్తడి గిన్నెల పక్కన, అంచున సొట్టపడిన ఆ సత్తుగిన్నె ఇప్పటికీ బోర్లించే ఉంది.