దోమితిల చేతుల చలి

పొద్దున లేవగానే దోమితిల చేసే మొదటి పని చేతులకి ఉన్ని తొడుగులు వేసుకోవడం. అవి లేకుండా గరిటె ముట్టుకుందంటే పొయ్యి మీద కాగుతున్న చారు కూడా గడ్డకట్టుకుపోతుంది. ఊళ్ళో ఎవరింట గొర్రె కోసినా, మాంసం తెచ్చి ఆవిడ మంచం కింద పెట్టి, "పెద్దమ్మా, ఆదివారం దాకా చూసుకో" అని చెప్పి పోతారు. ఆ చలి ఆవిడకి వాళ్ళమ్మ నుంచి వచ్చింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ నుంచి. ఒకరిలో అయిపోయిన రోజున కూతురిలోకి దిగుతుంది. కొందరింట మెల్లకన్ను దిగుతుంది, వీళ్ళింట చలి దిగుతుంది. పుకాక్రుస్‌లో అదేమంత చెప్పుకునే సంగతి కాదు.

ఆ చలికి పని ఉండేది. పుకాక్రుస్ కొండ మీద ఆఖరి ఊరు. లోయలో వేసిన బంగాళాదుంప మూడేళ్ళకి నీరసపడి ఆకు ముడుస్తుంది. అప్పుడు లోయవాళ్ళు మొక్కజొన్నలు మోసుకొచ్చి, ఇక్కడి విత్తనపు దుంప మార్చుకుని దిగిపోతారు. తెగులు మోసుకొచ్చే పేనుబంక ఇక్కడి చలికి నిలవదు కాబట్టి ఈ విత్తనానికి అంత గిరాకీ. ఏ ఏడైనా కాస్త వెచ్చబడితే, దోమితిల పొద్దు వాలుతుండగా ఒక చేలో చెప్పుల్లేకుండా బోదెల వెంట నడిచొచ్చేది. "ఆకు వణకాలి గానీ మాడకూడదు" అనేది.

ఆ ఏడు ఫిబ్రవరి వచ్చినా మంచు పడలేదు. కార్నివాల్ పండగనాడు ఆడవాళ్ళంతా టోపీల్లో దుంపపూలు పెట్టుకుని ఆడుతున్నారు. దోమితిల కూతురు ఎర్లిందా కూడా ఎనిమిది నెలల పాపని వీపున కట్టుకుని ఆడుతోంది. నుదుటి మీద ఏదో పాకినట్టయి టోపీ తీసి చూసుకుంది. పువ్వు కాడ నిండా పచ్చటి పేనుబంక! పక్కదాని టోపీ చూసింది, ఆ పక్కదాని టోపీ చూసింది. అన్నిట్లోనూ ఉన్నాయి. డప్పు ఆగిపోయింది.

మర్నాడు ఊరి పెద్ద జెనోబియో దోమితిల ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"పంటల ఇంజనీరు చెప్పాడు పెద్దమ్మా. చలిగా ఉంటే ఈ పురుగు ఎదగడానికి నెల పడుతుందట. వెచ్చగా ఉంటే వారం చాలట. మగదాంతో పనే లేదు. గుడ్డూ గిడ్డూ లేకుండా పిల్లల్నే కంటుంది, ఆ పిల్ల కూడా కడుపులో ఇంకో పిల్లతోనే పుడుతుంది."

"మా ఇంటి ఆడవాళ్ళలాగే ఉన్నాయే!" అని దోమితిల నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

"ఈసారి ఒక్క చేను కాదు. ఊరి చేలు ఏడూ నడవాలి" అన్నాడు జెనోబియో.

"ఏడా! ముసలి ప్రాణం మామా, వద్దు" అంది ఎర్లిందా.

"పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడే?" అన్నాడతను.

"చెప్పాగా, వద్దని!"

ఎర్లిందా భయం అమ్మ వయసు గురించి కాదని జెనోబియోకి తెలుసు. దోమితిలలో మిగిలిన చలి ఏడు చేలకి సరిగ్గా సరిపోతే గొప్ప. అతను ఎర్లిందా వీపున నిద్రపోతున్న పాప వంక చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎర్లిందాకి రెండేళ్ళప్పుడు అమ్మమ్మ చేతులు వెచ్చబడ్డాయి. ఆ రోజు నుంచి దోమితిల కూతుర్ని ఉన్ని అడ్డం లేకుండా ముట్టుకోలేదు. తల దువ్వినా ఉన్నే, వీపు మీద ఒకటి వేసినా ఉన్నే. ఊళ్ళో పిల్లలకి జ్వరమొస్తే తల్లులు దోమితిల దగ్గరికి తెచ్చేవాళ్ళు, ఒట్టి చెయ్యి ఒక్క క్షణం నుదుట పెట్టమని. తనకీ జ్వరం రావాలని ఎర్లిందా ఎన్నిసార్లు మొక్కుకుందో!

వారమంతా ఎర్లిందా చేలోనే ఉంది. బూడిదనీళ్ళు చల్లింది, వేళ్ళతో నలిపింది. పొద్దున నలిపిన కొమ్మకి సాయంత్రానికి మళ్ళీ అవే. ఆకులు జిగటగా అంటుకుంటున్నాయి, చివర్లు ముడుచుకుంటున్నాయి. ఇంకా పైకి చేను మార్చుకోలేమా అని కొండ ఎక్కి చూసింది. పైన అంతా రాయే. ఈ విత్తనం పోతే తెచ్చుకోవడానికి పైన ఇంకో ఊరు లేదు.

దిగొచ్చేసరికి దోమితిల దుంపలు ఒలుస్తోంది. "నువ్వు వద్దంటే వెళ్ళనే" అంది తలెత్తకుండా. "బిడ్డ తల్లివి. నాకు తెలీదా?"

ఎర్లిందా పాపని తీసుకుని ఎండలోకి వెళ్ళి, రవిక విప్పి, ఒట్టి రొమ్ముకి హత్తుకుని కూర్చుంది. పాలు తాగినంతసేపూ తాగనిచ్చింది. తర్వాత కాళ్ళూ చేతులూ నిమిరింది, ఒక్కో వేలూ విడదీసి ముద్దు పెట్టుకుంది. పాప కితకితలకి కిలకిలా నవ్వింది. ఎర్లిందాకి ఏడుపు ఆగలేదు. పొద్దు వాలింది.

"వెళ్ళమ్మా" అంది తల్లితో.

దోమితిల ఏడు సాయంత్రాలు ఏడు చేలు నడిచింది. ఆవిడ నడిచిన చోటల్లా తెల్లారేసరికి పేనుబంక చచ్చి ఆకులకి అతుక్కుని ఉండేది. ఆకు మాత్రం ఒక్కటీ మాడలేదు. ఏడో సాయంత్రం తొడుగులు చంకన పెట్టుకుని, ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది. కూతురి చెంప మీద చెయ్యి వేసింది.

ఎంత వెచ్చగా ఉందో ఆ చెయ్యి! ముప్ఫై ఏళ్ళ తర్వాత, జ్వరం లేకుండానే. ఎర్లిందా కళ్ళు మూసుకుంది.

"ఏమే, నీ చెంప ఇంత చల్లగా ఉందేం?" అంది దోమితిల. అన్నాక నాలుక కరుచుకుంది.

ఉయ్యాల్లో పాప లేచి ఏడ్చింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఎర్లిందా మళ్ళీ కూర్చుండిపోయింది. దోమితిల ఒట్టి చేతులతో పాపని ఎత్తుకుని, "పాలు కాచి పడతాలే, ఏడవకు" అంది. ఆ మాట ఎవరితో అందో గానీ ఎర్లిందా కళ్ళు తుడుచుకుని, తల్లి తొడుగులు తీసుకుని వేసుకుంది. అవి ఆమెకి కొంచెం వదులు.

పాప అమ్మమ్మ భుజం మీంచి వంగి, తల్లి కోసం చెయ్యి చాపింది. ఎర్లిందా ఉన్ని వేలు అందించింది. పాప దాన్ని గట్టిగా పట్టుకుంది.