మూడో సెట్టులో ఎఫీ

ఒకే ఒక్క బల్బు. దాని కింద ఫిడేలు.

మిగతా హాలంతా చీకటి. కటిక చీకటి కాదు... పాలు పోయని టీ రంగులో ఉండే చీకటి.

మా సెయింట్ బ్రెండన్ హాల్లో పెద్ద లైట్లు వేస్తే డాన్సు ఆడటానికి ఒక్కరూ లేవరు. చెమట, చెదిరిన జుట్టు, అరిగిన మోకాళ్ళు — వీటిని మా కేప్ బ్రెటన్ దీవి ఆడవాళ్ళు వెలుతుర్లో పెట్టరు. శనివారం సాయంత్రం కాగానే పెద్ద లైట్లు ఆరిపోతాయి. నాలుగేసి జంటలు చదరంగా నిలబడతాయి; ఒక్కో విడత ఆట ఒక సెట్టు. డూగల్ ఫిడేలు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంటాడు.

ఇక నేల కదులుతుంది.

గోడ వారగా మా ఆయన లాకీ. మెడలో కెమెరా.

డూగల్‌కి ఫ్లాష్ గిట్టదు. ఒకసారి పొరుగూరివాడెవడో ఫ్లాష్ కొడితే, కమాను కింద పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ టీ చాలాసేపు తాగాడు. ఆనాటి నుంచి లాకీకి ఆ ఒక్క బల్బే దిక్కు.

తీసినవాటిలో మంచి ఫొటోలు పై శనివారానికి టీ బల్ల పక్క గోడ ఎక్కుతాయి. కోట్లు కూడా విప్పకుండా జనం ముందు అక్కడికే పోతారు. ఎవరు ఎవరితో ఆడారో, ఎవరికి పొట్ట వచ్చిందో అక్కడే తేలుతుంది.

మూడో సెట్టులో ఒక ఫొటో మాత్రం నాది. పెళ్ళయిన వేసవి నుంచీ అంతే. కింద తెల్ల అంచు మీద రాస్తాడు — మూడో సెట్టు, ఎఫీ.

ఆడేటప్పుడు నేను అతని వైపు చూడను. చూడక్కర్లేదు. పాట మలుపు తిరిగే చోట, మడమలు నేలను వదిలిన క్షణాన, వినబడుతుంది.

టక్.

ఆ పాత కెమెరా లోపల అద్దం లేచి పడే చప్పుడు. అంత ఫిడేల్లో, అన్ని కాళ్ళ మోతలో, అది నా చెవికి ఎలా చేరుతుందో తెలియదు. చేరుతుంది.

చూశాడు, అనుకుంటాను. అంతే. మళ్ళీ ఆటలో పడిపోతాను.

*

ఈ వేసవిలో గోడ పాడయింది.

ఫొటోల్లో తలలు తెగాయి. చేతులు ఒకచోట, మనుషులు ఇంకొకచోట. ఒక దాంట్లో డూగల్ కుర్చీ చాలా బాగా వచ్చింది. డూగల్ రాలేదు.

"గోడని బ్రహ్మాండంగా తీశావు లాకీ. రంగు వేసినవాడికి ఒక కాపీ పంపు," అన్నాడు డూగల్, టీలో ఓట్‌కేకు ముంచుకుంటూ.

లాకీ కెమెరాని తిట్టాడు. ముసలిదైపోయిందన్నాడు. చీకట్లో తీస్తే ఇసుక చల్లినట్టు చుక్కలు పడుతున్నాయన్నాడు. ఫుల్‌ఫ్రేమ్ కావాలన్నాడు. దాంట్లో వెలుతురు పట్టే పలక పెద్దదట. కిటికీ పెద్దదైతే గదిలోకి వెలుగు ఎక్కువ రాదూ, అని వంటింట్లో నా వెనకే తిరుగుతూ చెప్పాడు. పొయ్యిలో ఓట్‌కేకులు మాడుతున్నా చెప్పాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే," అన్నాను.

మామూలుగా అయితే నవ్వుతాడు. నవ్వలేదు.

ఆ పై శనివారం గోడ మీద కొత్త ఫొటో. తెల్ల అంచు మీద అతని చేతిరాత — మూడో సెట్టు, ఎఫీ. ఆకుపచ్చ జాకెట్టు, వెనక నుంచి, ఒంటి నిండా ఇసుక చుక్కలు.

బూట్లు నావి కావు.

అవి మోరాగ్‌వి. మా వీధి చివర ఉంటుంది. చవగ్గా వస్తున్నాయని ఆ జాకెట్లు ఇద్దరం ఒకే రోజు కొన్నాం.

"ఏమే మోరాగ్, మా ఆయన్ని ఎగరేసుకుపోతున్నావా?" అన్నాను.

"ఉంచుకోవే తల్లీ. గురక పెట్టేవాడు ఇంట్లో ఒకడున్నాడు," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ టీ కప్పు తాగకుండానే బల్ల మీద పెట్టేశాను. ఆ ఫొటో తీసిన సాయంత్రం నాకు టక్ వినబడింది మరి. నన్నే చూశాడనుకున్నాను మరి.

కోపం వచ్చింది. ఇన్నేళ్ళ నా నడుము, నా భుజాలు, నేను తిరిగే తీరు — ఒక్క జాకెట్టుకి మర్చిపోతాడా?

*

పట్నంలో కెమెరా కొట్టు. పట్టపగలు.

కొట్లో ఉన్న నోయెలా ఓపికగల మనిషి. రెండు కెమెరాలు ముందు పెట్టింది. రెండూ ఫుల్‌ఫ్రేమే. మొదటిదానితో తీస్తే ఫొటోని తలుపంత చేసుకున్నా చెదరదు. రెండోది అంత పెద్ద ఫొటో ఇవ్వదు. కానీ చీకటి కోసమే పుట్టింది.

"హాలు గోడకైతే మొదటిదే బాగుంటుంది. చీకట్లోనూ బానే తీస్తుంది," అంది నోయెలా.

"చీకట్లో చూపించు," అన్నాడు లాకీ.

కొట్టు వెనక సామాను గది ఉంది. లైటు ఆర్పి, తలుపు ఓరగా పెట్టింది. ఫొటోకి ఒక మొహం కావాలి కదా. నేను వెళ్ళి అట్టపెట్టెల మధ్య నిలబడ్డాను.

"ఎఫీ... ఉన్నావా?"

చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాను. నాకు అతని చొక్కా గుండీలు కూడా కనిపిస్తున్నాయి.

"లేను. పారిపోయాను," అన్నాను.

నా మాట వినబడిన వైపు తల తిప్పాడు. కొంచెం తప్పి తిప్పాడు. నా పక్కనున్న అట్టపెట్టెని చూసి, నన్ను చూసే నవ్వు నవ్వాడు.



మొదటి కెమెరా కంటికి ఆనించాడు. అటూ ఇటూ వెతికాడు. "బొమ్మ లాగుతోంది, ఆగి ఆగి కదులుతోంది," అని దించేశాడు.

రెండోది ఎత్తాడు. ఈ కొత్త కెమెరాల్లో అద్దం ఉండదు, కన్ను పెట్టేచోట చిన్న తెర ఉంటుంది. కంటికి అందని వెలుతురుని కూడా ఈ రెండోదాని తెర పోగుచేసి చూపిస్తుంది.

మెల్లగా నా వైపు తిరిగాడు.

"అదిగో," అన్నాడు. "అదిగో నువ్వు."

"నొక్కండి, ఎలా వచ్చిందో చూద్దాం," అంది నోయెలా.

నొక్కలేదు.

కెమెరా కంటి దగ్గరే ఉంది... వేలు ఖాళీగా ఉంది... చూస్తూనే ఉన్నాడు. తీసేవాడు ఎవడూ అంతసేపు నొక్కకుండా ఉండడు. పుట్టినరోజు కేకుకి కూడా ఇరవై తీసే మనిషి.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. శనివారాలు కారు నన్ను నడపమనడం — వెనక కూర్చుని ఫొటోలు చూసుకోవాలనడం. సెల్లార్ మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకోవడం. అది ప్రేమ అనుకుని నేను నెమ్మదిగా దిగేదాన్ని. ప్రేమ కూడా అయ్యుంటుందిలే.

"ఎందుకే ఏడుస్తున్నావు?" అన్నాడు.

"ఏడవట్లేదు."

"అబద్ధం. ఇందులో కనిపిస్తోంది."

నోయెలాకి అర్థమైంది. తలుపు ఇంకొంచెం దగ్గరికి వేసింది... ఇంకా చీకట్లో చూసుకోమని.

"మొదటిదాని ఫొటోలు పెద్దవొస్తాయి కదా," అన్నాను నేను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"నాక్కావలసింది ఫొటో కాదు ఎఫీ."

*

కారు నేనే నడిపాను. పట్టపగలే. తాళాలు అడగలేదు, అతనే నా చేతిలో పెట్టాడు.

రెండో కెమెరా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"డాక్టరుకి చూపించావా?"

"వసంతంలో."

కిటికీ అవతల సముద్రం చాలాసేపు మాతోనే వచ్చింది.

"రేచీకటి. పగలు ప్రస్తుతానికి బానే ఉంటుందట. చీకటి పడితే అంచుల నుంచి మూసుకొస్తుందట. ఏదో ఒక రోజు పగలు కూడా..."

ఆగాడు. పెట్టెని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆడటం మానేస్తావు. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంటావు."

నిజమే, అదే చేసేదాన్ని. అందుకే రోడ్డు మీదే చూపు పెట్టాను. కోపం పోలేదు. దాని పక్కనే జాలి వచ్చి కూర్చుంది. రెండూ ఒకే సీట్లో ఇరుక్కుని ఇంటిదాకా వచ్చాయి.

"తెల్ల జాకెట్టు వేసుకోనా, శనివారం?" అన్నాను చివరికి.

"వద్దు," అన్నాడు. "ఆకుపచ్చదే వేసుకో. నేను వెతుక్కుంటాను."

*

శనివారం.

ఆకుపచ్చదే వేసుకున్నాను. మోరాగ్ కూడా ఆకుపచ్చదే వేసుకొచ్చింది. దానికి ఏమీ తెలియదు. చెప్పనూ లేదు.

మొదటి సెట్టు. రెండో సెట్టు.

మూడోది మొదలైంది. డూగల్ కళ్ళు మూసుకున్నాడు. అతనికి వెలుతురు అక్కర్లేదు, వేళ్ళకి దారి తెలుసు. లాకీకి ఆ దారి లేదు. ఒక చిన్న తెర ఉంది, ఎన్నాళ్ళు పనికొస్తుందో తెలియని తెర.

తిరిగాను. చేతులు మారాయి. మళ్ళీ తిరిగాను.

పాట మలుపు వచ్చింది. మడమలు నేలను వదిలాయి.

చెవి అక్కడే పెట్టాను.

ఏమీ లేదు.

అప్పుడు తట్టింది — కొత్తదానికి అద్దం లేదు. చప్పుడు లేదు. నొక్కాడో లేదో, చూశాడో లేదో, ఇక నాకు తెలిసే దారి లేదు. ఇద్దరం కొట్టు దాకా వెళ్ళి, చీకట్లో పెట్టి చూసి, కంటికి పెట్టి చూసి... చెవి సంగతే మర్చిపోయాం.

పాట మళ్ళీ మలుపు దగ్గరికి వస్తోంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆటలో అతని వైపు చూశాను. గోడ వారగా, కెమెరా కంటికి ఆనించి, తల కొంచెం వంచి... వెతుకుతున్నాడు. ఒక ఆకుపచ్చ నుంచి ఇంకొక ఆకుపచ్చకి.

పిలవలేదు. చెయ్యి ఊపలేదు. నేను వెతుక్కుంటానన్నాడు కదా.

కానీ మలుపు వచ్చినప్పుడు, అందరి మడమలూ గాల్లో ఉన్నప్పుడు, నా మడమ ఒక్కటి ముందుగా, చప్పుడయ్యేలా నేలకి కొట్టాను. తాళం తప్పింది. డూగల్ కళ్ళు తెరిచాడు.

టక్.

గోడ దగ్గర కెమెరా ఆగింది. మెల్లగా మా వైపు తిరిగింది.

నా పక్కన మోరాగ్. మోరాగ్ పక్కన నేను.

ఒకే ఒక్క బల్బు. దాని కింద ఫిడేలు...