ఐదో గీత

ముల్లు తొమ్మిదో గీత మీద ఆగింది. తనిఖీదారు గేజు అద్దాన్ని వేలితో తట్టాడు. కదల్లేదు.

వ్యోమనౌకను పక్కకు తిప్పే చిన్న ఇంజన్లకు హీలియం వాయువు పంపే వాల్వులో లీకును కొలిచే గేజు అది. లీకు నాలుగో గీత దాటకూడదని వాల్వు చేసినవాళ్ళే రాసిపెట్టారు. కిందటిసారి ఎనిమిది. అంతకుముందు ఏడు. వెళ్ళినవాళ్ళు ప్రతిసారీ క్షేమంగా దిగారు. దాంతో లీకు ఇల్లరికపుటల్లుడిలా తిష్ఠ వేసింది, పొమ్మనేవాడు లేడు. గుమాస్తా రాసి రాసి విసిగి రబ్బరు స్టాంపే చేయించాడు: ‘మునుపటిలాగే. అనుమతించవచ్చు.’

రేపు పొద్దున ప్రయోగం. ఇద్దరు ఎక్కుతారు.

“ఇంకా ఆ ముల్లు మొహమే చూస్తున్నావా బావా?” అంటూ విభాగాధికారి వచ్చాడు. తనిఖీదారుకు బావమరిది, చనిపోయిన భార్యకు తమ్ముడు. “గుద్దెయ్ ఆ స్టాంపు. ఐదింటికి రిజిస్టరు మూసెయ్యాలి. పైవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు.”

“తొమ్మిదిరా.”

“ఎనిమిదికి ఏమైంది? తొమ్మిదికి ఏమవుతుంది?”

“మీ అక్క ఐదేళ్ళు దగ్గింది. ఎప్పుడూ ఉండే దగ్గేగా అన్నాం, నువ్వూ నేనూ. ఐదేళ్ళూ ఏమీ కాలేదు.”

“మధ్యలో అక్కనెందుకు లాగుతావు?” బావమరిది తలుపు దబాలున వేసి పోయాడు.

ఆపడానికి ఒకటే దారి. తనిఖీదారు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలి. దాన్ని అతను తప్ప ఎవరూ కొట్టెయ్యలేరు. నీలంతో రాస్తే మాత్రం బావమరిది ఒక్క గీతతో తీసిపారేస్తాడు.

సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశాడు. గీకాడు. కాగితం చిరిగింది గాని రంగు పడలేదు. ఎండిపోయింది.

స్టోర్సుకు పరుగెత్తాడు.

“ఎర్రవా?” స్టోర్సువాడు నవ్వాడు. “ఆరేళ్ళుగా అడిగిన పాపాన పోలేదు ఎవరూ. తెప్పించడం మానేశాం మాస్టారూ.”

పై అంతస్తులో లేదు. డ్రాయింగు గదిలో లేదు. జీతాల గదిలో పచ్చది ఇవ్వబోయారు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

చివరికి శిక్షణ గదిలోకి దూరాడు. రేపు ఎక్కబోయే పైలట్ కాగితాల కట్ట ముందు కూర్చుని ఒక్కో వరుసా టిక్కు పెట్టుకుంటోంది. టిక్కులు ఎర్రగా ఉన్నాయి.

“ఏంటి ముల్లు మాస్టారూ, అలా వగరుస్తున్నారు?”

“ఆ పెన్ను కావాలమ్మా. లీకు తొమ్మిదికి వచ్చింది.”

“ఆ లీకేనా! మేం దానికి పిల్లి అని పేరు పెట్టాం. బుస్సుమంటుంది, కరవదు.”

“కరిచాక పేరు మార్చి లాభం లేదు.”

ఆమె నవ్వు ఆగింది. అతని చేతిలోని రిజిస్టరు లాక్కుని పేజీలు వెనక్కి తిప్పింది. ఎనిమిది. ఏడు. ఆరు. స్టాంపు, స్టాంపు, స్టాంపు. మొట్టమొదటి చోట స్టాంపు లేదు, చేతిరాత ఉంది. ‘ఐదు. ఈ ఒక్కసారికి.’

“ఈ సంతకం మీదే కదూ?”

“నాదే.”

“ఎందుకు పెట్టారు?”

“ఆవేళ అందరూ వాచీలు చూసుకుంటున్నారు.”

ఆమె ఆ ‘ఐదు’ మీద వేలు పెట్టింది. “పన్నెండేళ్ళు కాచుకున్నాను మాస్టారూ, రేపటి కోసం.”

“తెలుసు.”

పెన్నున్న చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాక కూడా ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలింది.

అతను నిలబడే రాశాడు: ‘తొమ్మిది. హద్దు నాలుగు. ప్రయోగం ఆపాలి.’ సంతకం పెట్టాడు. మళ్ళీ మొదటి పేజీకి పోయి, ‘ఈ ఒక్కసారికి’ కింద ‘తప్పు’ అని రాసి, అక్కడా సంతకం పెట్టాడు.

ఐదు కావస్తుండగా గోడ మీద ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అతను పెన్నుకు మూత పెట్టి తన జేబులోనే పెట్టుకున్నాడు. ఆమె తిరిగి అడగలేదు.