జోళ్ళాయన చేతులు

దుకాణానికొచ్చిన అమ్మగారి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, మడమ వెనక వేలు దూర్చి, జోళ్ళాయన షూ తొడిగాడు. ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు. ఆ ఉదయానికి అదే పెద్ద సంగతి.

జోళ్ళ దుకాణంలో చేరింది మొదలు ఆయన మనుషుల మొహాలు చూసింది తక్కువ. ఓసారి ఏనుగొకటి వచ్చిందనీ, సైజు కుదిరినా నాలుగూ కొనాలనేసరికి బేరం తెగక వెళ్ళిపోయిందనీ చెప్పేవాడు. నమ్మనివాళ్ళకు అది కూర్చుని విరగ్గొట్టిన బల్ల చూపించేవాడు.

ఇన్ని పాదాలు చూసినవాడు తన అరికాలు చూసుకోలేదు. అక్కడి నల్లమచ్చ చర్మ కేన్సరై ఊపిరితిత్తులదాకా పాకాక గానీ తెలియలేదు. ఆసుపత్రిలో మందు ఎక్కిస్తుంటే గడ్డలు కరిగాయి. కానీ చేతుల మీద తెల్లమచ్చలు లేచాయి. ఒకావిడ ఆ చేతులు చూసి, పామును తొక్కినట్టు కాలు లాక్కుంది.

మందుల షాపులో పనిచేసే బావమరిది చెవిలో ఊదాడు. "ఈ మాత్రలు వేసుకో బావా. మచ్చలు అడ్రసు లేకుండా పోతాయి. అక్కకి చెప్పకు, సొద పెడుతుంది."

పోయాయి కూడా. ఆ ఉదయం అమ్మగారు కాలు లాక్కోనిది అందుకే.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో డాక్టరమ్మ కొత్త స్కాను చూసి మొహం ముడుచుకుంది. గడ్డలు మళ్ళీ పెరిగాయి. అంతలో ఆయన చొక్కా చెయ్యి జరిగి, మోచేతి దగ్గర మిగిలిన మచ్చ కనబడింది.

"ఇదెప్పుడొచ్చింది? మంచి గుర్తండీ ఇది! మన మందు ఒంట్లో కాపలా కణాల్ని నిద్రలేపుతుంది. అవి కేన్సరు మీద పడి, ఆ ఊపులో ఒంటి రంగునీ కొరికేస్తాయి. మచ్చ లేచిందంటే కాపలావాళ్ళు పనిలో ఉన్నట్టే. ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"ఇదొక్కటే అమ్మా."

"మరి గడ్డలెందుకు పెరిగాయి? వేరే మాత్రలేమైనా వాడుతున్నారా? కొన్ని మాత్రలు ఆ కణాల్ని మళ్ళీ జోకొట్టేస్తాయి. చెప్పండి, ఏదో దారి చూద్దాం. తిట్టనులెండి."

నిజం నోటిదాకా వచ్చింది. ఏనుగుతో బేరమాడిన నోరే అది. చేతులు అందంగా కనబడాలని ప్రాణం మీదికి తెచ్చుకున్నానని కూతురి వయసు మనిషితో ఎలా అనడం? అలవాటుకొద్దీ చూపు ఆమె పాదాల మీదికి దిగింది.

"లేదమ్మా."

ఇంటికొస్తూ మాత్రలు కాలవలో పారేశాడు. పడుకున్న కణాలు మళ్ళీ లేవలేదు. కారణం తెలియక డాక్టరమ్మ మందులు మార్చి చూసింది. ఆయన నోరు విప్పలేదు. ఒక తెల్లవారుజామున, భార్య పాలు చల్లార్చి తెచ్చేలోగా, గోడవైపు తిరిగి ప్రాణం విడిచాడు.

ఆఖరిరోజుల్లో దుకాణంలో కళ్ళు తిరిగితే ఆయన్ని కారెక్కించి పంపారు; ఆనాడు విడిచిన హవాయి చెప్పులు దుకాణం వెనకగదిలో అలాగే ఉన్నాయి. నల్లమచ్చ కోసి తీసిన అరికాలి గాయం ఒరుసుకోకుండా ఎడమదానికి ఆయన గుండ్రంగా కోసుకున్న కన్నంలోంచి నేల కనిపిస్తోంది.