గోపికల వరసలో నూకాలు

నేను ఒక గుడినే గానీ, నా గోడల్లో రాయి లేదు. వంశధార ఒడ్డు బంకమట్టిని పలకలు చేసి, వాటి మీద బొమ్మలు తీర్చి, కుమ్మరి ఆవంలో కాల్చి నన్ను నిలబెట్టారు. కట్టించిన జమీందారు పేరు గుమ్మం పైన ఉంది. చేసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల వేలిముద్రలు మాత్రం నా ఒంటినిండా ఉన్నాయి.

ఏటా వానలకు నాలుగైదు పలకలు రాలేవి. వాటి చోట కొత్తవి చేసి అతికించడం కుమ్మరి సూరీడమ్మ పని. ఆమె కూతురు నూకాలు ఏడేళ్లకే విషజ్వరంతో పోయింది. ఆ ఏడు పడమటి గోడ మీది గోపికల్లో ఒకతె రాలిపడింది. సూరీడమ్మ చేసి తెచ్చిన కొత్త గోపికకు ముందుపన్ను లేదు, నవ్వుతోంది. అది ఎవరి ముఖమో ఊళ్లో ఒక్కరూ గమనించలేదు. లోపల దేవుడికి దండం పెట్టి, ఆమె రోజూ ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడేది.

పన్నెండేళ్లకు గుడి కమిటీ పెద్ద సింహాద్రప్పడు నన్ను బాగుచేయిస్తానని సిమెంటు బస్తాలు దింపించాడు.

"మట్టికి ఊపిరాడాల బాబూ. సిమెంటు పూసీసినారంటే నీరు లోపలే ఉండిపోద్ది," అంది సూరీడమ్మ. ఆయన వినలేదు. అప్పుడు గోపికను చూపించింది. "ఈ ఒక్కదాన్నీ వదిలీయండి. ఇది మా నూకాలు. దానికి ఫొటో అయినా నేదు."

"దేవుడి గోడ మీద నీ కూతురేటమ్మా! ఊరు వింటే ఊరుకుంటాదా?"

మేస్త్రీ చేయి ఒక్క క్షణం ఆగింది. తరవాత గోపికలందరినీ కప్పేశాడు. పైన గులాబీ రంగు వేశారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మూడో వానాకాలంలో, లోపలే నానిపోయిన పడమటి గోడ కూలింది. ఆ మట్టిని రోడ్డు గుంతల్లో పోయడానికి ట్రాక్టరు వచ్చింది. సూరీడమ్మ కుప్ప మీద కూర్చుని ఒక్కో పెళ్ల తిప్పి చూస్తోంది. కృష్ణుడి చెయ్యి దొరికితే పక్కన పడేసింది.

"దిగు మామ్మా, లోడెత్తాల," అన్నాడు డ్రైవరు.

"కూసింత ఆగు నాయనా. పిల్ల దొరకనేదు."

ఏ పిల్లో అడిగి తెలుసుకుని, అతడు ఇంజను ఆపి తానూ వెతికాడు. చివరికి సిమెంటుకు అంటుకున్న ఒక చెంప, సగం కన్ను దొరికాయి.

"ఇదేనా మామ్మా?"

ఆమె కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది.

"ఏటో నాయనా. మూడేళ్లయి కనబడనేదు కదా... పోలిక మరిసిపోనాను."

డ్రైవరు ఆ ముక్కను ఆమె చేతిలోనే ఉంచి, లోడెత్తడానికి పార తీసుకున్నాడు.