బొట్టు పెట్టిన కోడిగుడ్లు

నాకు అనుమానం ఎక్కువ. నేనెప్పుడూ ఒప్పుకోలేదు గానీ, మా ఆయన పోయేదాకా ఆ మాట అంటూనే ఉన్నారు. రైల్లో పక్క సీటావిడ జంతిక ఇస్తే, ఏ నూనె, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని అడిగి, ఆవిడ ఎందుకిచ్చానా అనుకునే వేళకి ఒక ముక్క కొరికే మనిషిని. అరవై నాలుగేళ్లలో కోడిగుడ్డు నా నోట్లోకి వెళ్లలేదంటే ఊరికే వెళ్లలేదా? కాకినాడలో కేకు కొనాలన్నా, ఎగ్‌లెస్సేనా బాబూ, ఎగ్‌లెస్సేనా అని నాలుగుసార్లు అడిగి బేకరీ కుర్రాడి ప్రాణం తీసేదాన్ని.

అలాంటి నేను, కెనడాలోని బర్నబీలో మా అబ్బాయి అభిరామ్ ఇంటికి వచ్చాక, కోడలు చరిత చేసిన డోనట్లు ఆరు శనివారాల పాటు ఒక్క ప్రశ్న వేయకుండా తిన్నాను.

డోనట్ అంటే మన గారెలాగే మధ్యలో చిల్లు ఉంటుంది. చరిత నూనెలో వేయించదు. గుంటల ట్రేలో పిండి పోసి ఓవెన్‌లో పెడుతుంది. పిండిలో బాదం పొడి వేస్తుంది. పిస్తాపప్పు మెత్తగా పొడి కొట్టి, పంచదార పొడి, పాలు కలిపి లేతాకుపచ్చ రంగులో చిక్కగా ఒకటి చేస్తుంది. దాన్ని గ్లేజ్ అంటుంది. చల్లారిన డోనట్‌ని అందులో బోర్లా ముంచి తీస్తే పైన పొరలా ఆరి నిగనిగలాడుతుంది. కొరికితే ముందు ఆ పొర పుటుక్కున విరుగుతుంది, తర్వాత లోపలి మెత్తదనం తగులుతుంది. అబద్ధం ఎందుకు, శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

చరితది కరీంనగర్. మాంసం తినే ఇంటి పిల్ల. పెళ్లప్పుడు నేను ముఖం ముడుచుకున్న మాట నిజమే. కానీ నేను వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల నా సూట్‌కేసు లోపల పెడుతూ, "మీకు పెట్టేదాంట్ల గుడ్డు పడదత్తమ్మా, నాది భరోసా" అంది. నేను నమ్మాను. ఎందుకు నమ్మానో నాకే తెలియదు.

నా నమ్మకాన్ని చెడగొట్టింది పక్కింటి ధన్‌వతి. వాళ్లది ఫిజీ. ముత్తాతలెప్పుడో మనవైపు నుంచి అక్కడి చెరకు తోటలకి వెళ్లారట. ఆవిడకి తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, నాకు ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. రోజూ మధ్యాహ్నం వాన తగ్గగానే ఇద్దరం ఆ ఎనిమిది ముక్కలతోనే నడకకి వెళతాం. బాలత్రిపురసుందరి అని పలకలేక నన్ను దీదీ అంటుంది. ఒకరోజు ఆవిడకి డోనట్ తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లు బేకరీలో పనిచేసిన మనిషి కదా, తుంచి, వేలితో నొక్కి, లోపలి గుల్లదనం చూసింది.

"వెరీ గుడ్. ఎన్ని ఎగ్స్?"

"నో ఎగ్" అన్నాను గర్వంగా.

"నో ఎగ్? ఇంపాసిబుల్, దీదీ" అని నవ్వి, మిగతాది నోట్లో వేసుకుంది.

ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మర్నాటి నుంచి నా కళ్లు నా మాట వినలేదు. ఫ్రిజ్ కింది అరలో అట్టపెట్టె ఉంటుంది, పన్నెండు గుడ్లది. ఇన్నాళ్లూ అటు చూడటానికే ఇష్టపడేదాన్ని కాదు. ఇప్పుడు పెరుగు తీసే నెపంతో రోజూ పెట్టె మూత చెంచాతో ఎత్తి చూడటం మొదలుపెట్టాను. సోమవారం తొమ్మిది. మంగళవారం ఏడు. గురువారం ఐదు. గుడ్లు తగ్గుతున్నాయి. కానీ ఆ ఇంట్లో ఎవరూ గుడ్డు తినగా నేను చూడలేదు. ఆమ్లెట్ వేస్తే వీధి చివరికి వాసన కొడుతుంది కదా, ఒక్కరోజూ ఆ వాసన రాలేదు. మరి ఆ గుడ్లన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

కూరల తొక్కలు వేసే ఆకుపచ్చ డబ్బా కూడా వెతికాను. పెంకు ముక్క ఒక్కటీ లేదు. వేరే ఎవరైనా అయితే అక్కడితో స్థిమితపడేవారు. నాకు అనుమానం రెట్టింపయింది. తప్పు లేకపోతే పెంకులు దాచాల్సిన పనేముంది?

ఆ శనివారం స్నానం తొందరగా ముగించి, పూజ సగంలో ఆపి, మెట్ల మీద చప్పుడు కాకుండా వంటగదికి దిగాను. చరిత చిన్న గిన్నెలో ఏదో గిలక్కొడుతోంది. పసుప్పచ్చగా, జిగురుగా, చెంచా ఎత్తితే తీగలు సాగుతోంది. నన్ను చూడగానే గిన్నె మీద పళ్లెం మూత పెట్టేసింది.

"ఏంటమ్మా అది?"

"డోనట్లకే అత్తమ్మా. పది నిమిషాలు నానాలి" అని ఓవెన్ వైపు తిరిగింది.

కోడిగుడ్డు నానడం ఎక్కడైనా ఉందా? అబద్ధం చెప్పడం కూడా చేతకావడం లేదు అనుకున్నాను. ఆ రోజు డోనట్లు తినలేదు. అరగలేదని చెప్పి, మజ్జిగ తాగి పడుకున్నాను. తినకపోతే ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. దొరికిపోతానన్న భయమేమో అనుకున్నాను.

ఇక తేల్చుకోవాలి. గుడ్లు లెక్కపెడితే చాలదు. తగ్గినచోట కొత్తవి తెచ్చి పెడితే నాకేం తెలుస్తుంది? గుర్తు ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం చరిత పైన గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉంది, మనవరాలు అనన్య స్కూల్లో ఉంది. కొత్త పెట్టె వచ్చింది, పన్నెండూ ఉన్నాయి. పూజ గూట్లోంచి కుంకుమ తెచ్చి తడిపి, ఒక్కొక్క గుడ్డూ చేత్తో పట్టుకుని కింది వైపు చిన్న బొట్టు పెట్టాను. బొట్టు కనపడకుండా మళ్లీ అలాగే గుంటల్లో నిలబెట్టాను. జన్మలో గుడ్డు ముట్టని దాన్ని, పన్నెండు గుడ్లకి పేరంటానికి పిలిచినట్టు బొట్లు పెట్టాను! ఆ తర్వాత చేతులు ఐదుసార్లు సబ్బుతో తోముకుని, తలస్నానం చేసి, దేవుడి ముందు చెంపలు వేసుకున్నాను.

శనివారం కావాలనే స్నానానికి, పూజకి గంటన్నర పట్టించాను. కిందికి వచ్చేసరికి ఇల్లంతా బాదం, వెన్న వాసన. అభిరామ్ కారుకి చలికాలం టైర్లు వేయించడానికి వెళ్లాడు. చరిత పిస్తా పొడి జల్లిస్తోంది. నేను పెరుగు కోసమన్నట్టు ఫ్రిజ్ తీసి, చెంచాతో మూత ఎత్తాను.

పది ఉన్నాయి.

కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. గుడ్డు తిన్నానన్న బాధ ఉంది, లేదనను. అంతకన్నా పెద్ద బాధ, ఆ పిల్ల చేతి తిండి ఇక నమ్మి తినలేను. కన్నకొడుకు ఇంట్లో ప్రతి ముద్దకీ అనుమానపడుతూ ఎలా ఉండటం? జనవరి నుంచి తను రోజూ ఆఫీసుకి వెళ్లాలి, మీరు ఇంకో ఏడాది ఉండండత్తమ్మా అని మొన్ననే అడిగింది. నాకూ ఉండాలనే ఉంది. కాకినాడలో తలుపు తీసేదీ నేనే, వేసేదీ నేనే. కానీ సాయంత్రం అభిరామ్ రాగానే టికెట్ కొనమని చెప్పేద్దామని, ఆ ఫ్రిజ్ ముందు నిలబడే నిశ్చయించుకున్నాను.

"పెట్టమంటారా?" అంటూ చరిత ప్లేట్లో రెండు డోనట్లు నా ముందు పెట్టింది. గ్లేజ్ ఇంకా తడిగానే ఉంది.

"వద్దు."

"పోయినవారం గూడా తినలేదు. ఒంట్లో బాగలేదా అత్తమ్మా? డాక్టర్ దగ్గరికి పోదామా?"

"నా ఒంటికేం? శుభ్రంగానే ఉంది. శుభ్రంగా ఉండనిస్తే" అన్నాను.

నా గొంతులోని పుల్లదనానికి చరిత తలెత్తి చూసింది. ఆ పిల్ల ఏదో అడగబోయేంతలో అనన్య ఫ్రిజ్ దగ్గర నుంచి అరిచింది. గుడ్డు మీద బొమ్మ మొహం గీసుకుని తెమ్మన్నారట స్కూల్లో. ఒక గుడ్డు తీసి అటూ ఇటూ తిప్పుతోంది.

"మమ్మీ! సమ్‌బడీ పుట్ బొట్టు ఆన్ ది ఎగ్!"

అనన్య పెట్టె మొత్తం తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఒక్కోటీ తిరగేస్తోంది. "దిస్ వన్ టూ! ఆల్ ఆఫ్ దెమ్! నానమ్మా, ఈజ్ ఇట్ ఎ ఫెస్టివల్?"

చరిత గుడ్ల వంక చూసింది, ఫ్రిజ్ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఆ ఇంట్లో కుంకుమ భరిణె తీసేది నేనొక్కదాన్నే.

"మీరు పెట్టిన్రా అత్తమ్మా?"

కాదనడానికి నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట. "పన్నెండుకి పెట్టాను. ఇప్పుడు పది ఉన్నాయి. ఆ రెండూ ఎక్కడికి పోయాయో నువ్వే చెప్పు!"

చరిత చేతులు తుడుచుకుని, వెనక బాల్కనీ తలుపు తీసి, "ఇటు రండి" అంది. బయట సన్నగా వాన పడుతోంది. మూల ప్లాస్టిక్ కవరు కింద చిన్న కరెంటు పొయ్యి, పెనం, రెండు పళ్లేలు ఉన్నాయి. పక్కన ముడేసిన సంచిలో పెంకులు ఉన్నాయి. ఒక దాని మీద ఎర్రటి మరక కూడా కనిపించింది.

"పొద్దున అభికి, అనన్యకి ఆమ్లెట్ ఇక్కడ వేస్త. మీరు స్నానానికి పోయినప్పుడు. మీకు వాసన పడదని అభి చెప్పిండు. పెంకులు గూడ లోపలి డబ్బాల వెయ్య."

"మరి ఆ రోజు గిన్నెలో జిగురు?" అన్నాను. సిగ్గు లేకపోతే సరి, ఇంకా అడుగుతున్నాను.

లోపలికి వచ్చి అర మీంచి సీసా దించి నా ముందు పెట్టింది. లేత పసుపు రంగు పొడి. "అవిసె గింజలు. పొడి కొట్టి నీళ్లల్ల నానబెడితే గట్లనే సాగుతది. గుడ్డు బదులు అదే వేస్త. మీరొచ్చే ముందు నాలుగుసార్లు చేసి పారబోసిన. ఐదోసారి కుదిరింది." సీసా మూత బిగిస్తూ అంది. "నన్ను అడిగితే చెప్తుంటి కదత్తమ్మా."

జంతిక ఇచ్చినావిడని పది ప్రశ్నలు అడిగినదాన్ని, ఇంటి పిల్లని ఒక్కటి అడగలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే నిలబడి ప్లేట్లోని రెండు డోనట్లూ తిన్నాను. "బాగున్నాయమ్మా" అన్నాను. రుచి తెలిస్తే కదా. చరిత "మంచిది" అని గుడ్లన్నీ తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దేసింది. అనన్య బతిమాలితే ఒక్కటి మాత్రం బొట్టుతోనే వదిలింది.

సాయంత్రం టికెట్ మాట ఎత్తలేదు. అభిరామ్‌కి ఈ సంగతి చరిత చెప్పలేదని వాడి ముఖం చూస్తేనే తెలిసింది. అది నన్ను ఇంకా కాల్చింది. మర్నాడు పొద్దున, "చలిలో బయట ఎందుకమ్మా, ఆమ్లెట్ లోపలే వేసుకో" అన్నాను. "పర్వాలేదత్తమ్మా, అలవాటైంది" అని తలుపు దగ్గరగా వేసుకుని బాల్కనీలోకి వెళ్లింది. అద్దంలోంచి జాకెట్ వేసుకుని వంగిన ఆ పిల్ల వీపు కనపడుతూ ఉంది.

ఆ వారమంతా మామూలుగానే మాట్లాడింది. కాఫీ ఇచ్చింది, మందులు గుర్తు చేసింది. వెటకారంగా ఒక్క మాట అన్నా బాగుండేది. నేనూ ఒకటి అనేదాన్ని, ఇద్దరం ఏడ్చి తేల్చుకునేవాళ్లం.

మళ్లీ శనివారం వచ్చింది. నేను పూజ ముగించుకుని దిగేసరికి ఓవెన్ చల్లగా ఉంది, ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు.

"రండత్తమ్మా, మీ కోసమే ఆగిన" అని గట్టు పక్కన కుర్చీ వేసింది. "ఇది మైదా. ఇది బాదం పొడి. ఇవి అవిసె గింజలు, మీ ముందే పొడి చేస్త."

"నాకు చూపించక్కర్లేదమ్మా. నాకు తెలుసు కదా ఇప్పుడు."

"లేదు, చూస్తేనే మీకు నిమ్మళం" అంది నెమ్మదిగా.

కూర్చున్నాను. ప్రతి పొట్లం నా ముందుకు తెచ్చి, విప్పి, చూపించి కలిపింది. నానే పది నిమిషాలూ గిన్నె మీద మూత పెట్టలేదు. కాల్చింది, చల్లార్చింది, గ్లేజ్‌లో ముంచింది. నేను ఆడిటరులా కుర్చీలో ఉన్నాను. లేచి వెళ్లిపోదామంటే ఆ ధైర్యమూ లేదు. చివరికి ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నీ చూసిన్రు కదా, ఇక తినండి" అంది.

ఇంతకుముందు ఒట్టి "తినండి" అనేది.